రాజమండ్రి నుంచి పుదుచ్చేరికి విమానంలో ఎంతసేపు? లెక్క మీరే వేసుకోండి

మా అక్కావాళ్లది యానాం. గోదారి ఒడ్డున తెలుగు మాట్లాడుకుంటూ బతికే ఆ ఊరికి పెద్ద కచేరీలన్నీ తమిళ దేశం నడుమ ఉన్న పుదుచ్చేరిలో ఉంటాయి. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి డెబ్భై ఏళ్లయినా ఆ ముడి మాత్రం వీడలేదు. రోడ్డు మార్గం ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు. ఆ మధ్య బావగారు హైదరాబాదుకు ఫోను చేసి, "రాజమండ్రిలో విమానం ఎక్కితే పుదుచ్చేరికి గంటంపావు అని ఫోనులో చూపిస్తోంది, నిజమేనా?" అని అడిగారు. "నిజమే బావగారూ, ఆ విమానం ఒకటి ఉండి ఉంటే" అన్నాను.

అంతర్జాలంలో ఏ రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టినా దూరం ఇంత, సమయం ఇంత అని టక్కున ఒక సంఖ్య వస్తుంది. ఆ రెండు ఊళ్ల మధ్య విమానం నడుస్తుందో లేదో, అక్కడ ఏ రకం విమానం దిగగలదో దానికి పట్టదు. దాన్ని నమ్మి టికెట్లు కొన్నవాళ్లే తర్వాత కాకిలెక్కలని తిట్టుకుంటారు. ఓ కాగితం, పెన్సిలు, ఫోనులోని కాల్క్యులేటర్ ఉంటే పావుగంటలో మీ లెక్క మీరే వేసుకోవచ్చు. మేం వేసిన లెక్కనే వరసగా చెబుతాను. మీ ఊళ్లు వేరైతే అంకెలు మార్చుకోండి.

మొదట ఏ విమానాశ్రయమో తేల్చుకోండి

ఊరి పేరుతో వెతక్కండి. కోడుతో వెతకండి. రాజమండ్రి విమానాశ్రయం కోడు ఆర్‌జేఏ. రైల్వే స్టేషన్ కోడు ఆర్‌జేవై. పుదుచ్చేరిలో విమానానికి పీఎన్‌వై, రైలుకు పీడీవై. హైదరాబాదుకు హెచ్‌వైడీ అయితే నాంపల్లి స్టేషన్‌కు హెచ్‌వైబీ. ఏళ్ల తరబడి రైలు టికెట్లు తీసినవాళ్ల చెయ్యి అలవాటుగా రైలు కోడే కొడుతుంది, నాదీ అంతే. రాజమండ్రి అని రాస్తే ఒకచోట, రాజమహేంద్రవరం అని రాస్తే మరొకచోట దొరకడం ఇంకో చిక్కు.

విమానాశ్రయం ఊళ్లో ఉండదన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోండి. రాజమండ్రి విమానాశ్రయం ఉన్నది ఊరి బయట మధురపూడిలో. పుదుచ్చేరిది లాస్‌పేటలో, అంటే దాదాపు ఊళ్లోనే. మన శంషాబాద్ సంగతి చెప్పనక్కర్లేదు. 2008లో బేగంపేట నుంచి విమానాలు అక్కడికి తరలిపోయినప్పటి నుంచి, విమానం ఎక్కడానికి ముందే ఒక ప్రయాణం చెయ్యాల్సి వస్తోంది.

తర్వాత అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి

మ్యాపులో విమానాశ్రయం రన్‌వే మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. రెండు దశాంశాలు చాలు.

మధురపూడి: 17.11, 81.82
పుదుచ్చేరి: 11.97, 79.81
శంషాబాద్: 17.23, 78.43

ఇక్కడొక గుంట ఉంది, చాలామంది అందులో పడతారు. కొన్నిచోట్ల ఇవే విలువలను డిగ్రీలు, నిమిషాలు, సెకన్లుగా ఇస్తారు. పుదుచ్చేరి రేఖాంశం 79 డిగ్రీల 48 నిమిషాలు అని కనిపిస్తే దాన్ని 79.48 అని రాసేసుకుంటాం. డిగ్రీకి అరవై నిమిషాలు కాబట్టి 48ని 60తో భాగించాలి, వచ్చేది 79.80. ఆ తేడా చూడటానికి చిన్నదే గానీ నేల మీద ముప్పై అయిదు కిలోమీటర్లు. మా అల్లుడి మొదటి లెక్కలో పుదుచ్చేరి విమానాశ్రయం విల్లుపురం దగ్గరికి పోయింది.

ఇప్పుడు దూరం

ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. భూమి మీద ఎక్కడైనా దాదాపు ఇంతే. తూర్పు పడమరలుగా అయితే ఈ మాట చెల్లదు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఒలిచిన బత్తాయి తొనలను చూడండి, నడుమ వెడల్పు, కొసలకు సన్నం. అందుకే ఆ తేడాను రెండు ఊళ్ల సగటు అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. మన లెక్కలో సగటు పద్నాలుగున్నర డిగ్రీలు, దాని కొసైన్ 0.97. కాల్క్యులేటర్‌లో 'కాస్' మీట నొక్కితే వస్తుంది.

అక్షాంశాల తేడా 5.14. దాన్ని 111తో గుణిస్తే 571 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 2.01. దాన్ని 111తో, ఆపైన 0.97తో గుణిస్తే 216. ఇక పదో తరగతిలో నేర్చుకున్న పైథాగరస్: 571 వర్గం, 216 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 610 కిలోమీటర్లు.

భూమి గుండ్రం కదా, ఇలా బల్లపరుపు లెక్క వేయొచ్చా అని అనుమానం రావచ్చు. హైదరాబాదు నుంచి అమెరికాకైతే వేయకూడదు. ఆరేడు వందల కిలోమీటర్ల లోపు దూరాలకు వచ్చే తప్పు విమానాశ్రయం ప్రహరీగోడ దాటదు. ఇంకా నమ్మకం కుదరకపోతే గ్లోబు మీద దారం లాగి పెట్టి చూడండి. మా ఇంట్లో ఆ పనీ అయింది, దారానికి నల్లపూసల దండే దొరికిందని కాసేపు గొడవ కూడా అయింది.

మైళ్ల దగ్గర కాస్త జాగ్రత్త. విమానయానంలో వాడేది నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. రోడ్డు మైలు 1.609 కిలోమీటర్లు. మన 610 కిలోమీటర్లు ఒక లెక్కన 329, ఇంకో లెక్కన 379. వెబ్‌సైట్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. కిలోమీటర్లకే కట్టుబడండి, బాధ ఉండదు.

గీత గీసి చూడండి, విమానం ఎందుకు లేదో అదే చెబుతుంది

ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

పిల్లల అట్లాసు తెరిచి స్కేలు పెట్టి మధురపూడి నుంచి పుదుచ్చేరికి పెన్సిలుతో గీత గీయండి. గీత దక్షిణానికి, కాస్త పడమరకు ఒరిగి పోతుంది. గోదావరి డెల్టా మీదుగా దిగి నరసాపురానికీ మచిలీపట్నానికీ మధ్య సముద్రం మీదికి వెళుతుంది. అక్కడి నుంచి నేల కనపడదు. కృష్ణ కలిసే చోటు, నెల్లూరు తీరం అన్నీ కుడిచేతి వైపు ఉండిపోతాయి. శ్రీహరికోటకు ముప్పై కిలోమీటర్ల లోపే తూర్పున సముద్రం మీదుగా సాగుతుంది. రాకెట్ ఎగిరే రోజున ఆ చుట్టుపక్కల గగనతలం మూసేస్తారు. ఆపైన గీత తిరిగి నేల తొక్కేది ఎక్కడనుకున్నారు? చెన్నై నగరం మీద.

అట్లాసు మీద వంగి ఉన్న మేం అక్కడ ఆగిపోయాం. దారికి సరిగ్గా అడ్డంగా అంత పెద్ద విమానాశ్రయం ఉంటే, దాన్ని దాటుకుని చిన్న ఊరి నుంచి చిన్న ఊరికి విమానం నడిపే సాహసం ఏ సంస్థ చేస్తుంది? జనం చెన్నైలో దిగి కారు మాట్లాడుకుంటారు. ఆ 610 కిలోమీటర్లు కాగితం మీది నిజం. ప్రయాణానికి పనికొచ్చే దూరాలు వేరే.

హైదరాబాదు మీదుగా పోతే మధురపూడి నుంచి శంషాబాద్ 360 కిలోమీటర్లు, దాదాపు తిన్నగా పడమరకు. శంషాబాద్ నుంచి పుదుచ్చేరి 603. కలిపితే 963, తిన్నని గీతకు ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ. హైదరాబాదు నుంచి పుదుచ్చేరికీ, రాజమండ్రి నుంచి పుదుచ్చేరికీ దూరం ఇంచుమించు ఒకటే కావడం ఇందులో తమాషా. బావగారైతే ఎంతకీ ఒప్పుకోలేదు, స్కేలు లాక్కుని కొలుచుకున్నారు.

చెన్నై మీదుగా అయితే విమానం దూరం 490, ఆ తర్వాత రోడ్డు మీద నూట యాభై కిలోమీటర్లు, అటూ ఇటూగా.

దూరం నుంచి సమయానికి: ఏ విమానమో అడగండి

గంటంపావు అనే మాట ఎలా పుట్టిందో ఇప్పుడు తెలుస్తుంది. ఆ వెబ్‌సైట్లు గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వేగం వేసుకుంటాయి, పైన ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలుపుతాయి. 610ని 800తో భాగిస్తే 46 నిమిషాలు, అరగంట కలిపితే 76. లెక్కలో తప్పు లేదు. అయితే ఆ వేగం ఏ320 వంటి జెట్ విమానానిది. పుదుచ్చేరి రన్‌వే పొడవు సుమారు 1,500 మీటర్లు. శంషాబాద్‌లో పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. లాస్‌పేటలో దిగేవి ఏటీఆర్ 72 వంటి రెక్కల పంకాల విమానాలు. రాజమండ్రి రన్‌వేను పొడిగించాక అక్కడికి జెట్‌లు కూడా వస్తున్నాయి. కానీ దారికి రెండు కొసలుంటాయి కదా, పొట్టి కొస ఏదో అదే విమానాన్ని నిర్ణయిస్తుంది.

ఏటీఆర్ పైకెక్కి కుదురుకున్నాక గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోతుంది. నేను వాడే సూత్రం ఇది: దూరాన్ని 500తో భాగించండి, వచ్చిన దానికి పాతిక నిమిషాలు కలపండి. మధురపూడి నుంచి శంషాబాద్‌కు 43, పాతిక కలిపి గంటా పది నిమిషాలకు కాస్త తక్కువ. శంషాబాద్ నుంచి పుదుచ్చేరికి 72, పాతిక కలిపి గంటా నలభై లోపు. దారిలో వంకర్లు ఉంటాయి గనుక ఇంకో అయిదు నిమిషాలు వేసుకోండి. విమానాలు మనం గీసిన గీత మీద పోవు, ఆకాశంలో ముందే పేర్లు పెట్టిన బిందువులను ఒక్కొక్కటే తాకుతూ పోతాయి.

పాతిక నిమిషాలు దేనికి? టికెట్ మీద ఉండే బయలుదేరే సమయం విమానం గాల్లోకి లేచే సమయం అనుకుంటాం. అసలు అది నిలిపిన చోటు నుంచి చక్రాలు కదిలే సమయం. చేరే సమయం కూడా అంతే, అవతల చక్రాలు ఆగి, వాటికి అడ్డం పెట్టే నిమిషం. శంషాబాద్‌లో నిలిపిన చోటు నుంచి రన్‌వే కొసకు చేరడానికే ఒక్కోసారి పదిహేను నిమిషాలు పడుతుంది. చిన్న విమానాశ్రయంలో ఆ పని మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. మీ దారిలో రెండు కొసలూ చిన్నవే అయితే పాతికకు బదులు ఇరవై కలిపినా చాలు.

గాలిని మరీ పట్టించుకోనక్కర్లేదు. గంటకు నలభై కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే రాజమండ్రి నుంచి హైదరాబాదుకు 43 నిమిషాలు కాస్తా 47 అవుతాయి, అదే గాలి వెనక నుంచి తోస్తే 40. ఇంట్లో చెప్పుల కోసం వెతికే సమయమంత. గాలి అసలు ప్రతాపం తుఫాన్ల కాలంలో చూపిస్తుంది. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను తీరం దాటింది పుదుచ్చేరి దగ్గరే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరానికి ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ మూడు నెలల్లో వెళ్లేవాళ్లు నిమిషాలు లెక్కపెట్టుకోవడం మాని, ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

లెక్కను జరిగినదానితో సరిచూడండి

విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్24 వంటి యాప్‌లో మీ విమానం నంబరు కొట్టండి. గత వారం రోజులు అది ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో కనిపిస్తుంది. ఏడింటినీ తక్కువ నుంచి ఎక్కువకు వరసలో రాసి నడుమనున్నది తీసుకోండి. సగటు వద్దు. ఒక్క రోజు నాలుగు గంటలు ఆలస్యమైతే సగటంతా పాడవుతుంది. వారంలో మూడు రోజులు గంటకు మించి ఆలస్యమైన విమానమైతే దాని వెనక ఇంకో విమానం పట్టుకునే ఆలోచన మానుకోండి.

ఇది నాకు అనుభవం నేర్పిన పాఠం. ఒకసారి రెండు వేర్వేరు సంస్థల టికెట్లు విడివిడిగా కొన్నాను, ఎనిమిది వందల రూపాయలు మిగిలాయని మురిసిపోయాను. మొదటి విమానం యాభై నిమిషాలు ఆలస్యమైంది. రెండోది ఎవరి కోసమూ ఆగలేదు, ఆగాల్సిన పనీ లేదు. ఆ చిన్న ఊరికి రోజుకు ఒక్క విమానమే. మర్నాటి టికెట్, రాత్రికి లాడ్జి కలిపి మిగిలిన ఎనిమిది వందలకు పది రెట్లు వదిలింది. అప్పటి నుంచి చిన్న ఊరికి పోయేటప్పుడు రెండు విమానాలూ ఒకే టికెట్ మీద తీసుకుంటున్నాను. అలా తీసుకుంటే మొదటిది ఆలస్యమైనా మనల్ని గమ్యానికి చేర్చే బాధ్యత సంస్థ మీద ఉంటుంది, సామాను కూడా మధ్యలో మనం మొయ్యక్కర్లేదు. విడివిడిగా కొనక తప్పకపోతే నడుమ కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి. సామాను తీసుకోవాలి, బయటికి రావాలి, మళ్లీ కౌంటర్ దగ్గరికి వెళ్లాలి, ఆ కౌంటర్ విమానానికి గంట ముందే మూసేస్తారు.

చివరగా గుమ్మం నుంచి గుమ్మానికి

బావగారికి కాగితం మీద రెండు నిలువు వరసలు వేసి ఇచ్చాను.

హైదరాబాదు మీదుగా: యానాం నుంచి ద్రాక్షారామం దారిలో మధురపూడికి రెండుంపావు గంటలు. అక్కడ గంటంపావు ముందు ఉండాలి. విమానం గంటా పది. శంషాబాద్‌లో రెండున్నర గంటల ఎడం. విమానం గంటా నలభై అయిదు. లాస్‌పేట నుంచి బయటపడి ఆటోలో ఊళ్లోకి నలభై నిమిషాలు. మొత్తం తొమ్మిది గంటల ముప్పై అయిదు నిమిషాలు.

చెన్నై మీదుగా: మొదటి రెండు అంకెలు అవే. విమానం గంటా పాతిక. బయటికి రావడానికి అరగంట. రోడ్డు మీద మూడుంపావు గంటలు. మొత్తం ఎనిమిది గంటల నలభై.

గంటంపావు అనుకున్నది కాస్తా ఇంత పెరిగేసరికి బావగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి రైలు?" అన్నారు. కాకినాడలో సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రంతా నిద్రపోతూ చెంగల్పట్టు వైపు పోవచ్చు. ఆ నిద్రను లెక్కలోంచి తీసేస్తే రైలు ఓడిపోయినట్టు కాదని నాకూ అనిపిస్తుంది. కానీ ఆయనకు మోకాళ్ల నొప్పి, పై బెర్తు పడితే ఎక్కలేరు. అదే మోకాలు కారణంగా మూడుంపావు గంటల కారు ప్రయాణమూ వద్దన్నారు. నిమిషాల్లో ఓడిపోయిన హైదరాబాదు దారే చివరకు గెలిచింది. మీ లెక్కలోనూ ఇలాంటి మోకాలు ఒకటి ఉంటుంది, దాన్ని చివర్లో కాకుండా మొదట్లోనే రాసుకోండి.

టికెట్ తీసేముందు వేళలు మళ్లీ చూడండి. చిన్న ఊళ్ల విమానాలు కొన్ని వారంలో కొన్ని రోజులే నడుస్తాయి, శీతాకాలపు పట్టికకు, వేసవి పట్టికకు పొంతన ఉండదు. మార్చి చివర్లో, అక్టోబరు చివర్లో ఆ పట్టికలు మారతాయి. మార్చిలో చూసిన వేళతో ఏప్రిల్‌కు ప్రయాణం కట్టకండి.

సీటు విషయంలో ఒక కిటుకు. ఏటీఆర్‌లో ప్రయాణికుల తలుపు వెనక ఉంటుంది. ముందు భాగంలో సామాను పెడతారు. జెట్‌ల అలవాటు కొద్దీ ముందు వరస కోసం డబ్బు కట్టినవాళ్లు అందరికంటే చివర దిగుతారు. శంషాబాద్‌లో ఇంకో విమానం పట్టుకోవాలంటే చివరి వరసలు అడగండి. రెక్క కిటికీకి పైన ఉంటుంది కాబట్టి కిందకు చూడటానికి అడ్డం ఉండదు. రాజమండ్రిలో లేచేటప్పుడు గోదావరి, దాని వంతెనలు కనపడాలని ఉంటే కిటికీ సీటు తీసుకోండి. పంకాల పక్క వరసల్లో మోత ఎక్కువ, చెవుల్లో దూది పెట్టుకోవచ్చు.

చేతి సంచి పెద్దదైతే ఏటీఆర్ పైఅరలో పట్టదు, మెట్ల దగ్గరే తీసుకుని కింద వేస్తారు. అందులో మందులు, కాగితాలు ఉంటే ముందే ఓ చిన్న గుడ్డ సంచిలోకి మార్చుకోండి. ఆవకాయ జాడీ కౌంటర్‌లో ఇచ్చే సామానులోనే పెట్టాలి, తనిఖీ దగ్గర నూనె కారే దేన్నీ లోపలికి పోనివ్వరు. పూతరేకులు మాత్రం చేతిలోనే ఉంచుకోండి. బావగారు వాటిని కౌంటర్‌లో ఇచ్చిన సూట్‌కేసులో పెట్టారు. పుదుచ్చేరిలో తెరిచి చూస్తే డబ్బా నిండా పొడి. చెంచాతో తిన్నామని అక్క ఫోనులో చెప్పింది.